నాలుగు కంటే తక్కువ

జనవరి 24, శనివారం

ఇవాళ పొద్దున్నే నన్ను చేపల బజారులో భుజాలకెత్తుకున్నారు.

నాకు ఇరవై మూడేళ్ళు. ఈ వయసులో మనిషిని ఎవరూ ఎత్తుకోరు. కానీ మాంసం కొట్టు కిగ్గుండు ఒక వైపు, బస్తాలు మోసే అతను ఒకడు మరో వైపు నన్ను అమాంతం లేపేసి న్యెండో బజారంతా తిప్పారు. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. ఎవరో నీళ్ళ డబ్బా మీద దరువేశారు. నా ఎడమ చెప్పు ఎండుచేపల గుట్టలో ఎక్కడో పడిపోయింది. ఇంతవరకు దొరకలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ మధ్యే మాటల రుచి తెలిసినదాన్ని కాబట్టి గబగబా మింగేయను, నమిలి రాస్తాను.

ఏడో తరగతి పెద్ద పరీక్ష ఫలితాలు నిన్న వచ్చాయి. మా మేనత్త కవలల్లో బబిర్యేకి ఎనిమిది, నకాటోకి పదమూడు. ఈ వారం దేశమంతా అంకెల్లోనే మాట్లాడుకుంటుంది. పిల్ల ఎలా ఉందని ఎవరూ అడగరు, పిల్లకెంత అని అడుగుతారు. నాలుగు సబ్జెక్టులు. ఒక్కోదానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా ఇస్తారు. ఒకటి వస్తే బంగారం, తొమ్మిది వస్తే బూడిద. నాలుగింటినీ కూడితే నాలుగు వచ్చిన పిల్లల ఫోటోలు పత్రికల మొదటి పేజీలో వేస్తారు. నాలుగు కంటే తక్కువ ఈ భూమ్మీద లేదు.

లేదు అనుకున్నారు, ఇవాళ్టి దాకా.

అత్త పేరేమిటో బజారులో ఎవరికీ గుర్తులేదు. కవలల్ని కన్న రోజు నుంచి ఆమె అందరికీ నాలోంగో, అంటే కవలల తల్లి. పొద్దున్న చేప పొలుసు గీరుతూ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"ఏమే నబ్బోసా, వీళ్ళ లెక్క తేలింది. మరి నీకెంత ఇచ్చారే ఆ కంపాలా వాళ్ళు? చదువైపోయి ఇంటికొచ్చావు, ఒక్క అంకె చెప్పలేదు నువ్వు."

నేను నేల చూశాను. "రెండు పాయింట్ తొమ్మిది మూడు, అత్తా."

కత్తి ఆగింది.

"రెండా?"

"రెండు, పాయింటు..."

"రెండు!" అత్త లేచి నిలబడింది. "ఒసేయ్ నకలేమా! ఆ టమాటాలు వదిలెయ్యవే, ఇటు రా! మా అన్న కూతురికి నాలుగు కంటే తక్కువొచ్చింది! రెండు! రెండు, పైన చిల్లర!"

ఈ బజారులో అందరికీ ఏడో తరగతి లెక్క తెలుసు. ఆ పై లెక్క ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు. యూనివర్సిటీలో అంకె ఐదుకి ఇస్తారనీ, అక్కడ ఎక్కువ వస్తేనే గొప్పనీ, 2.93 అంటే సెకండ్ క్లాసులో కింది డివిజననీ చెబుదామని నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అప్పటికే నేను గాలిలో ఉన్నాను. గాలిలో ఉన్న మనిషి సవరణలు చేయలేడు.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది. ఆ ఊరేగింపు అత్త బల్ల ముందు నుంచి వెళ్ళేటప్పుడు, ఒక చేప మొప్ప ఎత్తి చూస్తూ సెమ్వంగా గారు నిలబడి ఉన్నారు. కొండ మీది రేడియో స్టేషన్‌లో వార్తల పెద్ద. తల ఎత్తి నన్ను చూశారు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ రేడియో గేటుకి కాగితం అంటించారు. వార్తలూ ప్రకటనలూ రాయడానికి ఒక మనిషి కావాలట. వచ్చే శుక్రవారంలోగా బయోడేటా ఇవ్వాలి. మార్కుల మాట అందులో లేదు. అక్కర్లేదని రాయలేదా? ఎలాగూ అందరూ రాస్తారులే అని వదిలేశారా? ఆ కాగితం ముందు నిలబడి ఇప్పటికి చాలాసార్లు చదివాను. వాచ్‌మన్ నన్ను పేరు పెట్టి పలకరిస్తున్నాడు.

నాకీ ఉద్యోగం కావాలి. రెండేళ్ళు అర్థశాస్త్రం నన్ను నమిలి ఉమ్మేసింది. మూడో ఏడు హాస్టల్ గోడపత్రికకి ఎవరూ దొరక్క నన్ను రాయమన్నారు. నీళ్ళ ట్యాంకు పగిలిందని ఐదు వాక్యాలు రాశాను. ఆ ఐదు వాక్యాలూ పన్నెండుసార్లు కొట్టేసి రాశాను. ఆ రోజు నుంచి నేను వేరే మనిషిని. పాఠాలు కూడా అర్థమవడం మొదలుపెట్టాయి. కానీ అప్పటికి మొదటి రెండేళ్ళ అంకెలు కూడికలోకి వెళ్ళి కూర్చున్నాయి. కూడిక ఎవరి మాటా వినదు.

అత్తకి రేపు చెబుతాను.

జనవరి 25, ఆదివారం

నిర్ణయించుకున్నాను. బయోడేటాలో మార్కులు రాయను. వాళ్ళు అడగలేదు, నేను రాయను. ఇదే చివరి మాట.

చర్చిలో పాస్టరు కవలల కోసం ప్రార్థన చేశారు. తర్వాత "మన మధ్య ఇంకొక అద్భుతం కూడా ఉంది" అన్నారు. నేను ప్రార్థన పుస్తకంలో తల దాచుకున్నాను. వినయం అనుకున్నారు.

అదే రోజు, సాయంత్రం

రాస్తాను.

జనవరి 26, సోమవారం

ఇవాళ దేశానికి సెలవు. లుబేగాకి సెలవుల్లేవు. బస్సులాగే చోట అతని కొట్టు: టైపింగు, జిరాక్సు, లామినేషను, ఫోన్ ఛార్జింగు. మా ఊరు మాసాకాలో ఉద్యోగం వెతుక్కునే ప్రతివాడి జీవితం అతని కంప్యూటరులో ఉంటుంది. సెకండరీలో నా వెనక బెంచీ. చపాతీలో గుడ్డట్టు చుట్టిన రోలెక్స్‌ని కీబోర్డు మీద పెట్టుకుని తింటాడు. అందుకే ఈ ఊరి బయోడేటాలన్నీ కాస్త నూనె వాసన వేస్తాయి.

"రావమ్మా, నాలుగు కంటే తక్కువా!" అన్నాడు నన్ను చూడగానే.

"నోర్ముయ్. నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. ఊరికి తెలియదు. ఊరు తనంతట తాను నిన్ను నెత్తిన పెట్టుకుంటే, లేదు లేదు దించండి అంటావేంటి?"

మా బయోడేటాల్లో అన్నీ ఉంటాయి. మతం, తెగ, హాబీలు, తెలిసిన ముగ్గురు పెద్దమనుషులు. ఏడో తరగతి అంకె కూడా ఉంటుంది. నాది పదకొండు. దాన్ని అడగకుండానే టైపు చేశాడు. పన్నెండేళ్ళప్పటి నా తెలివి గురించి ఎవరికీ ఏ సంకోచమూ లేదు. డిగ్రీ దగ్గరికొచ్చేసరికి వేళ్ళు గాలిలో ఆపాడు.

"ఏ రకం కావాలి?"

"ఇందులో రకాలేంటి?"

"ఎందుకు లేవూ! ఏమీ రాయని రకం ఉంది. యూనివర్సిటీ పేరు, సంవత్సరం, అంతే. పెద్దింటివాళ్ళలా హుందాగా ఉంటుంది. లేదంటే సెకండ్ క్లాస్ అని రాసి ఆపేస్తాం. పై డివిజనా, కింది డివిజనా అన్నది చదివేవాడు ఊహించుకుంటాడు. వాడికీ కాస్త పనుండాలిగా. నీకు ఆఖరి ఏడాది ఎంతొచ్చింది?"

"మూడు పాయింట్ ఎనిమిది."

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! ఆఖరి ఏడాది ఒక్కటే రాసుకో. అదీ వద్దంటే మీ అత్త రకం ఉండనే ఉంది. రెండు పాయింట్ తొమ్మిది మూడు అని రాసి, ఎంతకో రాయకపోవడం."

"అది మోసంరా."

"అయితే మీ అత్త మోసగత్తె అంటావు."

"అత్తకి తెలియక!"

"చదివేవాడికీ తెలియదనుకో. ఇక గొడవేముంది?"

"సెమ్వంగా గారికి తెలుసు. ఆయన పెద్ద చదువే చదివారు."

లుబేగా రోలెక్స్ కొరికి ఆలోచించాడు. "అవును, ఆయనకి తెలుస్తుంది. ఆయనకి అన్నీ తెలుస్తాయి. పోయినసారి చావు ప్రకటనలో చనిపోయినాయన వయసు తప్పుగా ఇచ్చానని నాకే ఫోన్ చేశాడు."

"మొత్తం రాసే రకం లేదా?"

"ఐదుకి ఇంత, కింది డివిజను అనా? ఉంటే ఉండొచ్చు. ఈ కొట్లో ఇంతవరకు ఎవరూ అడగలేదు. నా వేళ్ళకి ఆ మాటలు అలవాటు లేవు."

అప్పుడే కరెంటు పోయింది. దేవుడు ఇంకాస్త ఆలోచించుకోమంటున్నాడు అన్నాడు లుబేగా. ఇంటికి నడుస్తూ ఆలోచించుకున్నాను. ఆఖరి ఏడాది రాస్తాను. అందులో అబద్ధమేం లేదు. నిజంలో బాగా ఉడికిన ముక్క అది, అంతే. ఇదే చివరి నిర్ణయం అని లుబేగాకి ఫోన్ చేసి కూడా చెప్పాను.

అత్తకి ఇంకా చెప్పలేదు. పొద్దున్న చెబుదామని వెళితే కొత్త గుడ్డ చుట్టుకుని పాడుకుంటూ ఉంది.

జనవరి 27, మంగళవారం

ఒకావిడ ఆరో తరగతి చదివే కొడుకుని వెంటబెట్టుకుని బజారుకొచ్చింది. నా చెయ్యి తీసుకుని వాడి నెత్తి మీద పెట్టించింది. నా చేతికి చేప పొలుసులున్నాయని చెప్పాను. పర్లేదమ్మా, ఇంకా మంచిది అంది. వాడు నా వైపు జాలిగా చూశాడు.

మధ్యాహ్నం అత్త గర్వంగా చెప్పింది. "రేడియో ఆయనొచ్చాడే. పెద్ద ఎంగెగే చేప ఊరికే ఇచ్చాను. నీ సంగతంతా చెప్పాను."

"ఏమన్నారు?"

"చేప తాజాగా ఉందన్నాడు."

అంతేనా? చేప గురించే అన్నారా? ఈ వాక్యాన్ని ఎన్ని విధాలుగా తిప్పి చదివినా చేపే కనిపిస్తోంది.

అత్తకి చెప్పాలి. కానీ ఇంత సంతోషంగా ఉన్న మనిషికి ఇప్పుడు చెప్పడం క్రూరత్వం. కాబట్టి నేను చెప్పకపోవడం భయం కాదు, దయ. దయ చక్కటి మాట. రెండే అక్షరాలు. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది.

సరే, కొంచెం భయం కూడా.

జనవరి 28, బుధవారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నబ్బోసా నువ్వేనా? సెమ్వంగాని, రేడియో నుంచి."

బల్ల వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఫోనులో పెద్దవాళ్ళకి మోకరిల్లితే ఎవరు చూస్తారో తెలియదు. అలవాటు.

"మీ అత్త పొద్దున్న ఒక ప్రకటన ఇచ్చి వెళ్ళింది. చదువుతాను, విను." గొంతు సవరించుకున్నారు. ఆ గొంతుతోనే రోజూ జిల్లాకి చావులూ, తప్పిపోయిన ఆవులూ, పెళ్ళిళ్ళూ చెబుతారు. "న్యెండో బజారు నాలోంగో ఆనందంతో తెలియజేయునది. నా కూతుళ్ళు పాసైనారు. అంతకు మించి, నా మేనకోడలు నబ్బోసా నాలుగు కంటే తక్కువ, అనగా రెండు పాయింట్ తొమ్మిది మూడు సాధించి, దేశంలో ఇంతవరకు ఎవరూ చేయనిది చేసినది. ఎవరైనా చేసి ఉంటే వచ్చి చూపించవలెను."

ఎవరూ వినకుండా ఫోన్ చెవికి అదుముకున్నాను.

"చదవమంటావా?"

"వద్దు సార్."

"ఎందుకు వద్దు? అంకె తప్పా?"

"అంకె నిజమే సార్."

"మరింకేం?"

"చుట్టూ ఉన్నది..."

"చుట్టూ ఉన్నది సరిచేసి రాసివ్వు. కానీ ఒక మాట. ప్రకటన ఇచ్చినవాళ్ళు ఒప్పుకోకుండా మేం అక్షరం మార్చం. అది మా పద్ధతి. మీ అత్తతో మాట్లాడు. ఆమె సరేనంటే నాకు ఫోన్లో వినిపించు. రేపు సాయంత్రం దాకా ఆగుతాను."

"సార్, అదీ... బయోడేటా కూడా..."

"ఆ ఉద్యోగానికా?" అన్నారు. "అయితే ఇంకా మంచిది" అని పెట్టేశారు.

ఎవరికి మంచిది?

సాయంత్రం ఇంట్లో, అమ్ముడుపోని చేపల గిన్నె ముందు అత్త కూర్చుని ఉంది. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"పొద్దున్నే దణ్ణం పెట్టావుగా, మళ్ళీ ఏంటి? చిన్న సంగతి కాదన్నమాట. ఎవడు వాడు?"

"ఎవడూ కాదత్తా. నా అంకె."

"ఆ, అంకె. దానికేమైంది?"

చెప్పాను. ఒకసారి చెబితే వినయం అనుకుంది. రెండోసారి చెబితే, "బజారంతా ఎత్తుకున్నాక వినయం ఏంటే, లేచి అరటికాయలు ఒలువు" అంది. ఇక లాభం లేదని గిన్నెలోంచి ఐదు చేపలు తీసి వరుసగా పెట్టాను.

"యూనివర్సిటీలో అందరికీ ఇవి ఐదు. బాగా చదివినవాళ్ళు ఐదూ ఇంటికి తెస్తారు. నేను," అని రెండు చేపల్ని ఇటు జరిపాను. మూడోది చేతిలోకి తీసుకున్నాను. "ఇది కూడా తెచ్చానుగానీ, పూర్తిగా కాదు. తోక దగ్గర కొంచెం తెగింది."

కవలలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "అయితే అక్క ఫెయిలా?" అంది బబిర్యే.

"ఫెయిలేంటే! పాసే. సెకండ్ క్లాసు, కింది డివిజను."

అత్త చేపల్ని వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. "అయితే అక్కడ ఎక్కువ రావడం గొప్ప."

"అవునత్తా."

"ఏడో తరగతిలో తక్కువ రావడం గొప్ప."

"అవును."

"రెండూ ఈ దేశంలోనే?"

"ఈ దేశంలోనే."

"పసిపిల్లని పన్నెండేళ్ళ దాకా తక్కువ తే, తక్కువ తే అని చావగొట్టి, అది పెద్దదయ్యాక ఎక్కువ ఎందుకు తేలేదని అడుగుతారా? ఎవడు పెట్టాడే ఈ లెక్క? వాడికి అమ్మ లేదా?"

అత్త నా చేతిలో చేప లాక్కుని తోక వైపు చూసింది.

"అయితే మూడు చేపలే. తోక ఎవరు తింటారు?"

నాకు నవ్వాగలేదు. కవలలు కూడా నవ్వారు. అత్త నవ్వలేదు. చేపని గిన్నెలో పడేసి, చేతులు కడుక్కోకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

జనవరి 29, గురువారం

అత్త నాతో మాట్లాడలేదు. టీ ఇచ్చింది. అందులో చక్కెర లేదు.

అదే రోజు, సాయంత్రం

చాలా రాయాలి.

పొద్దున్న బజారుకి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. మంచు గడ్డలు పగలగొట్టేవాళ్ళు లేకపోతే చేపలు పాడవుతాయి, అందుకు. నన్ను చూడగానే టమాటాల నకలేమా కేకేసింది.

"వచ్చిందమ్మా మా రెండు పాయింటు రాణి!"

అత్త కత్తి పక్కన పెట్టింది. "రాణీ లేదు, గీణీ లేదు. ఇలా రండి, ఒకేసారి చెబుతాను, మళ్ళీ మళ్ళీ అడక్కండి. అది ఐదుకి. అక్కడ ఎక్కువ రావాలట. దీనికి మూడుకి కాస్త తక్కువొచ్చింది. పాసైంది. అంతే."

నకలేమా టమాటాలు తుడవడం ఆపి లేచి వచ్చింది.

"మరి మనం ఎత్తుకున్నది?" అన్నాడు మాంసం కొట్లోంచి కిగ్గుండు.

"ఎత్తుకున్నావు. దించావు కూడా కదా? నీకొచ్చిన నష్టమేంటి?"

"నా భుజం ఇంకా లాగుతోంది, నాలోంగో."

"పాసైన పిల్లనే మోశావు. ఫెయిలైనదాన్ని మోసిన రోజు వచ్చి భుజం చూపించు."

అప్పుడు నవ్వులు మొదలయ్యాయి. అందరూ నవ్వారు, నేను కూడా. అత్త ఒక్కతే ఎవరెవరు ఎంతెంత నవ్వారో చూసుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నం వాళ్ళకి ముళ్ళెక్కువున్న చేపలే దొరికాయి. ఆరో తరగతి పిల్లవాడి తల్లి మాత్రం నా దగ్గరకొచ్చి, ఆ పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఏమైనా వీలుంటుందా అని మర్యాదగా అడిగింది. వాడి నెత్తి మీద మళ్ళీ చెయ్యి పెట్టి తీశాను. వాడు, "ఇప్పుడు నాకెంతొస్తుంది?" అన్నాడు.

అత్త నాతో మాట్లాడిన మొదటి మాట మూడింటికి. "ఏదీ, ఆ రేడియో కాగితం. రాశావా?"

రాశాను. నిన్న రాత్రి కొట్టేసి కొట్టేసి రాశాను. చదివాను: "న్యెండో బజారు నాలోంగో ఇంట రెండు సంతోషాలు. కవలలు బబిర్యే, నకాటో ఏడో తరగతి పాసయ్యారు. మేనకోడలు నబ్బోసా డిగ్రీ పూర్తిచేసింది. శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి దీవించండి. భోజనం ఉంటుంది."

చదివి, తల పైకెత్తాను. నాకది ముచ్చటగా అనిపించింది. ఒక్క మాట ఎక్కువ లేదు.

"అంకె ఏది?" అంది అత్త.

"అంకెందుకత్తా? డిగ్రీ పూర్తిచేసింది అన్నాం కదా. అందులోనే అన్నీ వస్తాయి."

"ఏమొస్తాయి? ఆ అంకె నా నోటితో నేను అరిచాను. పాస్టరుకి కూడా చెప్పాను. ఇప్పుడు రేడియోలో అది లేకపోతే వినేవాళ్ళేమనుకుంటారు? నాలోంగో మింగేసింది అనుకుంటారు. నేను ఇంతవరకు ఈ బజారులో దేన్నీ మింగలేదే. కుళ్ళిన చేప ఉంటే కుళ్ళిందని చెప్పి పిల్లులకేశాను."

"నేను కుళ్ళిన చేపనా?"

"మాటలు బాగా నేర్చావు, వినడం నేర్చుకోలేదు. నువ్వు మంచి చేపవే. మంచి చేపని గోనె కింద దాస్తే కొనేవాడు ఏమనుకుంటాడు? దానికేదో ఉందనుకుంటాడు. అంకె పెట్టు. ఎంతకో అదీ పెట్టు. ఈసారి ఎవడూ ఎత్తుకోకుండా."

నకలేమా బల్ల మీద కూర్చుని రాశాను. టమాటా రసం ఒక మూల అంటింది. ఇలా వచ్చింది:

"న్యెండో బజారు నాలోంగో ఇంట రెండు సంతోషాలు. కవలలు ఏడో తరగతి పాసయ్యారు. బబిర్యేకి ఎనిమిది, నకాటోకి పదమూడు. మేనకోడలు నబ్బోసా డిగ్రీ పాసైంది. ఐదుకి రెండు పాయింట్ తొమ్మిది మూడు. సెకండ్ క్లాసు, కింది డివిజను. ఏడో తరగతిలో తక్కువ వస్తే గొప్ప, డిగ్రీలో ఎక్కువ వస్తే గొప్ప అని తెలియక ముందే చేసుకున్న సంతోషాన్ని నాలోంగో వెనక్కి తీసుకోవడం లేదు. శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి దీవించండి. భోజనం ఉంటుంది."

అత్త కళ్ళు మూసుకుని వింది.

"వెనక్కి తీసుకోవడం లేదు" అని తనలో తాను అనుకుంది. తర్వాత కళ్ళు తెరిచింది. "భోజనం మాట ముందుకి తీసుకురా. అంకె చెప్పకముందే భోజనం చెప్పు. అప్పుడు ఎవరూ అంకె పట్టించుకోరు."

"అత్తా, అది కొంచెం..."

"అబద్ధమా? భోజనం లేదా?"

భోజనం ఉంది. ముందుకి తెచ్చాను. వాక్యం ఇంకా బాగా నడిచింది. ఇలాంటప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది, సంతోషం కూడా వేస్తుంది.

అక్కడి నుంచి తిన్నగా లుబేగా కొట్టుకి పరిగెత్తాను. బయోడేటా గురించి ఏమీ ఆలోచించలేదు. అసలు ఆలోచించనే లేదు. "మొత్తం రాసే రకం" అన్నాను.

"ఖాయమా?"

"ఖాయం."

"ఇదే చివరి నిర్ణయమా? నువ్వు సోమవారం కూడా ఇలాగే అన్నావు."

"టైపు చెయ్యరా."

చేశాడు. కుర్చీ వెనక్కి జరుపుకుని, దూరం నుంచి, పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూశాడు. "అంత వికారంగా ఏం లేదే" అన్నాడు. "ఆఖరి ఏడాది మూడు పాయింట్ ఎనిమిది కింద చిన్నగా వెయ్యనా? తప్పేం కాదు, అదీ నిజమే కదా."

వెయ్యమన్నాను. చిన్నగా కాదు, అదే సైజులో.

ఆరింటికి సెమ్వంగా గారికి ఫోన్ చేసి ప్రకటన చదివి వినిపించాను.

"మీ అత్త ఒప్పుకుందా?"

అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఒప్పుకున్నానయ్యా. భోజనం మాట ముందుకి తెచ్చింది నేనే."

"మంచి పని చేశారు, నాలోంగో. లేకపోతే నేనే తెద్దునేమో. ఒకసారి పిల్లకివ్వండి." ఫోన్ మళ్ళీ నా చెవికొచ్చింది. "విను. మా దగ్గర ఇంకో పద్ధతి ఉంది. కొత్తగా రాసినవాళ్ళు తాము రాసింది తామే చదవాలి. రేపు పొద్దున్న ఏడింటి వార్తలవగానే."

"నేనా సార్? రేడియోలో?"

"మరి బజారులోనా? బజారులో అయిపోయిందిగా."

"సార్, బయోడేటా..."

"చేత్తో పట్రా. అందులో ఏముందో రేపు ఏడుం పావుకి జిల్లా అంతా వింటుంది. నేను నిదానంగా చూస్తాను."

పెట్టేశారు. పెట్టేముందు ముక్కులోంచి చిన్న చప్పుడు; అది నవ్వేనా? అవునేమో. తెలియలేదు.

ఒక్క కాగితం మీద, ఒక్క మనిషి చూసేలా, ఒక్క వరుస రాయాలా వద్దా అని ఆదివారం నుంచి అల్లాడాను. రేపు దాన్ని నా గొంతుతో నేనే చెప్పాలి. కవలలు నాతో రిహార్సల్ చేయిస్తున్నారు. నకాటో నన్ను ఆపి, "అక్కా, అంకె దగ్గర నీ గొంతు పిల్లిలా అవుతోంది" అంది. మళ్ళీ చదివాను. మళ్ళీ పిల్లి. అత్త వంటింట్లోంచి, "నా వైపు చూసి చదువు, చేప ధర చెప్పినట్టు చెప్పు" అని అరిచింది. అప్పుడు కాస్త కుదిరింది.

అత్త రేపు రేడియో బజారుకి పట్టుకెళ్తుందట. కొత్త బ్యాటరీలు వేసింది. కిగ్గుండుని కూడా మాంసం కొట్టడం ఆపి వినమని చెప్పిందట.

రేపు పొద్దున్న ఐదింటికే లేవాలి. గోరువెచ్చటి నీళ్ళు తాగాలి, పాలు తాగకూడదు, గొంతు పట్టేస్తుంది. బయోడేటా ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి. కొండ మీదికి బోడా మోటారుసైకిలు ఎక్కకుండా నడిచే వెళ్ళాలి, ఊపిరి సర్దుకుంటుంది. మైకు ముందు "భోజనం" దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అంకె దగ్గర ఆగకూడదు.